కారణం ఎవరు చెప్పారు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో ఊరంతటికీ ముందుగా చెప్పింది నేనే. నోటితో కాదు, పేపర్లో. అదీ నాలుగంటే నాలుగు వాక్యాల్లో.

నేనొక దినపత్రికలో సిటీ పేజీ చూసే సబ్‌ఎడిటర్ని. విలేకర్లు పంపిన వార్తలు దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలో ఇరికించడం నా పని. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. రాజకీయాలన్నీ మొదటి పేజీ వాళ్ళు ఎగరేసుకుపోతారు. మాకు మిగిలేవి పగిలిన పైపులు, కుక్కకాట్లు, దొంగతనాలు, మొగుళ్ళు కొట్టిన పెళ్ళాలు. ఈ చివరి రకం వార్త రోజుకొకటైనా ఉండేది. అది రాక పేజీ నిండని రోజున "ఇవాళ ఊరు బాగుపడినట్టుందే" అని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది గానీ, నవ్విన మాట మాత్రం నిజం.

మా డెస్క్ మీద అందరికీ సీనియర్‌ని పెద్దాయన అనేవాళ్ళం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కొట్టినా చంపినా, ఎందుకన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. కారణం లేని వార్త తల లేని మొండెమట. అది లేకుండా పంపిన విలేకరికి ఫోన్లోనే తలంటేవాడు. అందుకని మా క్రైమ్ విలేకరి స్టేషన్ నుంచి ఫోన్ చెయ్యగానే నేనడిగే మొదటి మాట "కారణం?" అని. ఎంత పెద్ద ఘోరాన్నైనా ఒక్క కాలమ్ దాటనివ్వడు కాబట్టి అతనికి మేం పెట్టిన పేరు సింగిల్ కాలమ్. వంట ఆలస్యం చేసిందని, ఎదురు చెప్పిందని, పుట్టింటికి పోతానందని, అనుమానమని ఏదో ఒకటి అతను చెప్పేవాడు, నేను ఎక్కించేదాన్ని. అది ఎవరి నోట్లోంచి వచ్చిందని నేను ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

బడులకి సెలవులిచ్చి వారమైంది. ఏడున్నరకి పేజీ మూయాలి, ఆరుముప్పావుకి సింగిల్ కాలమ్ ఫోన్. భార్య మీద భర్త దాడి, చెవికీ చేతికీ దెబ్బలు, ఆమెను ఆస్పత్రిలో చేర్చారు, అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు, అతనికి కళ్ళజోళ్ళ షాపుందట, కారణం ఇంకా తెలియలేదు, కనుక్కుని చెప్తానన్నాడు. ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులకేం తక్కువని, ఏ వీధి అని అడిగాను. చెప్పాడు. అది మా వీధి. ఇంటి నంబరు అడగాల్సిన పని లేకపోయింది.

ఫోన్ పెట్టానో లేదో అమ్మ. అన్న వదిన మీద చెయ్యి చేసుకున్నాడని, పక్కింటివాళ్ళు పోలీసులకి చెప్పారని, పాప మంచం కింద దూరి బయటికి రావడం లేదని ఒక్క ఊపిరిలో చెప్పింది. చివరికి అసలు మాటకొచ్చింది.

"పేపర్లో పడకుండా చూడవే. నీ చేతిలో పనేగా."

నా చేతిలో పనే. కానీ అవతలి పేపరు విలేకరి కూడా అప్పటికే స్టేషన్లో ఉన్నాడు. వాళ్ళు వేసి మేం వెయ్యకపోతే పొద్దున్నే పెద్దాయన నా తోలు తీస్తాడు. సింగిల్ కాలమ్‌కి మళ్ళీ ఫోన్ చేసి, ఆ మనిషికి ఒకసారి ఫోన్ ఇవ్వమన్నాను. ఆయనతో మీకేం పనండీ అన్నాడు. మా అన్న అని చెప్పాను. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత అన్న గొంతు వినిపించింది.

"ఎడిటరమ్మా," అన్నాడు. ముద్దుకి అలాగే పిలుస్తాడు. "ఎవడో రోజూ ఫోన్లు చేస్తున్నాడే దానికి. ఎన్నాళ్ళని ఊరుకోను? అడిగితే ఎదురు తిరిగింది. చెయ్యి జారింది, అంతే."

ముసలివాళ్ళు వస్తే వాళ్ళ కళ్ళజోడు వంకర సరిచేసి, తుడిచి, చెవుల వెనక నెమ్మదిగా తగిలించి, "ఇప్పుడు బాగుందా తాతా" అని అడిగే మనిషి మా అన్న. నాకు పేపర్లో పెద్దక్షరాలు చూపించి చదవడం నేర్పింది కూడా వాడే. వాడు ఊరికే కొట్టాడంటే నా మనసొప్పదు. ఏదో కారణముండాలి. అది దొరికింది. దొరికితే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

పెద్దాయన నా వెనక నిలబడి గడియారం చూస్తున్నాడు. నేను టకటకా కొట్టేశాను. "భార్య ప్రవర్తనపై అనుమానంతో ఓ భర్త ఆమెపై దాడికి పాల్పడ్డాడు. ఆమెకు తరచూ ఫోన్లు వస్తుండటంతో ఇద్దరి మధ్య వాగ్వాదం జరిగింది. క్షణికావేశంలో అతడు చేయి చేసుకోగా ఆమెకు గాయాలయ్యాయి. కొరియర్ కార్యాలయంలో పనిచేసే ఆమె ప్రస్తుతం ఆస్పత్రిలో చికిత్స పొందుతోంది." దాని మీద హెడ్డింగు "అనుమానం తెచ్చిన తంటా". పేర్లు రెండూ తీసేశాను. బావుంది, క్లుప్తంగా ఉంది అన్నాడు పెద్దాయన. అన్న మరీ రాక్షసుడిలా కనబడలేదు, వదిన పేరూ బయటపడలేదు, కర్ర విరగలేదు, పాము చచ్చిందని నా భుజాలు నేనే చరుచుకున్నాను.

పేరు తీసేశాను గానీ కొరియర్ ఆఫీసు ఉంచేశాను. మా వైపు కొరియర్ ఆఫీసు ఒక్కటే, అందులో పనిచేసే ఆడమనిషీ ఒక్కతే.

మర్నాడు పొద్దున క్యారియర్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. పదహారు మంచాల వార్డు. వదిన ఎడమచేతికి మణికట్టు దగ్గర కట్టు, ఎడమ చెవిలో దూది. కర్ణభేరి చిరిగిందట, ఆ వైపు ఇక సరిగ్గా వినిపించకపోవచ్చన్నారు. వార్డులో మా పేపరు మంచం నుంచి మంచానికి తిరుగుతోంది. రోగులు కాసేపు పేపర్లోకీ కాసేపు వదిన వైపూ చూస్తున్నారు. ఊడ్చే ఆయా అయితే వదిన మంచం కింద చీపురు పెట్టకుండానే దాటిపోయింది.

మా వదిన మాటకారి. ఆడపడుచు అర్ధమొగుడంటారుగా, అందుకని నన్ను "అర్ధమొగుడు గారూ" అని ఆటపట్టించేది. "అర్ధమొగుడు గారూ, వడ్డించాను, దయచేయండి" అనేది. ఆ రోజు నన్ను ఏమనీ పిలవలేదు. తలగడ కింద నుంచి మడతపెట్టిన పేపరు తీసి నా ముందు పెట్టింది.

"ఎవరు రాశారిది?"

స్టేషన్లో ఏది చెప్తే విలేకర్లు అదే రాస్తారన్నాను. మాటలో అబద్ధం లేదు. అయినా అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

"నన్నెవరూ అడగలేదే," అంది.

అసలేం జరిగిందని అప్పుడడిగాను, ఒక రోజు ఆలస్యంగా. ఆ ఫోన్ల సంగతేమిటన్నాను. పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందని కస్టమర్లు చేసే ఫోన్లు, ఆ ఉద్యోగమే అది కదా అంది. తర్వాత కుడి చెవి నా వైపు తిప్పుకుని, ఎవరికో అడ్రసు చెప్తున్నట్టు చెప్పింది.

"ఫ్యాను మూడు మీదుంది. ఉక్కగా ఉందని నాలుగు మీదికి తిప్పాను. ఆయన పేపరు చదువుతున్నారు. కాగితాలు ఎగిరాయి. అంతే."

"అంతేనా?"

"అంతే. పాపని తీసుకురా. అది చూసింది. దాన్ని ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకు."

తీసుకొస్తానని మాటిచ్చాను. మెట్లు దిగుతుంటే మనసులో పురుగు తొలిచింది. కాగితాలు ఎగిరితే చెవి పగలగొడతారా ఎవరైనా? ఇంకేదో ఉంటుంది, చెప్పడానికి మొహమాటపడి ఉంటుంది అనుకున్నాను. ఆస్పత్రి మంచం మీదున్న మనిషి ఎదురుగా చెప్తే నమ్మలేదు, స్టేషన్ బెంచీ మీదున్న మనిషి ఫోన్లో చెప్తే నమ్మాను.

నేను ఇల్లు చేరేసరికే స్టేషన్ నుంచి వదిలేశారట, అన్న ఇంటికొచ్చేశాడు. వస్తూ పాపకి రంగు పెన్సిళ్ళ డబ్బా తెచ్చాడు. అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చాడు కూడా. పాపని వదిన దగ్గరికి తీసుకెళ్తానంటే మాత్రం మెత్తగానే, కళ్ళజోడు తుడుచుకుంటూనే, కుదరదన్నాడు. దానికి బుద్ధొచ్చి తిరిగొస్తే పిల్ల ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుందిగా అన్నాడు. మగాడన్నాక కోపం రాదా, ఆడది కాస్త తగ్గుండాలి, చినికి చినికి గాలివాన చేసుకున్నారు అని అమ్మ పాట. పాప ఎటూ మాట్లాడేది కాదు. ఆరేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని ఒక్కసారైనా అడగాలి కదా. అడగలేదు. రాత్రిళ్ళు నా పక్కన పడుకుని నా చీర కొంగు వేలికి చుట్టుకునేది.

వదినకి పుట్టింటి వైపు చెప్పుకోడానికి ఎవరూ లేరు. ఆస్పత్రి నుంచి నేరుగా పనిచేసుకునే ఆడవాళ్ళ హాస్టల్‌కి వెళ్ళింది. ఎవరో చెప్తే ఒక లాయరమ్మని పట్టుకుని, పాప నాకు కావాలని కోర్టులో వేసింది. కొట్టిన కేసు ఎప్పటికి తేలుతుందో ఏమో, ఈలోగా పిల్ల ఎవరి దగ్గరుండాలన్నది తేల్చడానికి మూడు వారాలకి వాయిదా ఇచ్చారు. ఆ మూడు వారాలూ మా ఇల్లు పొయ్యి మీద పెట్టిన పెనంలా ఉండేది.

లాయరమ్మ ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు వదిన నడత మంచిది కాదని, పిల్లని అలాంటి తల్లి దగ్గర ఉంచకూడదని వాదిస్తున్నారట. సాక్ష్యంగా పెట్టింది ఏమిటంటే మా పేపరు ముక్క. ఇద్దరితోనూ సంబంధం లేని పత్రిక కూడా ఇలాగే రాసింది చూడండి అంటున్నారట. ఆ ముక్క పట్టుకునే కొరియర్ ఆఫీసు మేనేజరు వదినని కౌంటర్ నుంచి లేపి, వెనక మూటలు సర్దే గదిలో పెట్టాడట, కస్టమర్లు ఏమైనా అనుకుంటారని.

"మీరక్కడే పనిచేస్తారట కదా. అది రాసిందెవరో కనుక్కుని చెప్పగలరా?"

కనుక్కుని చెప్తానన్నాను. సింగిల్ కాలమ్ రోజూ నాతో అనే మాటే.

సాయంత్రం పెద్దాయన ముందు నిలబడ్డాను. సవరణ వెయ్యాలన్నాను. ఆ వార్త మా ఇంటిదని, కారణం చెప్పింది కొట్టినవాడేనని, ఆమెని ఎవరూ అడగలేదని అంతా చెప్పేశాను. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, మీ వదినకెలా ఉందని అడిగాడు. తర్వాత పేపరు ముక్క వేలితో తట్టాడు. ఆమె నడత చెడ్డదని మనం ఎక్కడన్నాం, అతనికి అనుమానమన్నాం, అనుమానం ఉన్న మాట నిజమే కదా అన్నాడు. నిజమో కాదో మనకెలా తెలుసు, అతను చెప్పాడంతే కదా అన్నాను.

"అతను కాకపోతే ఎవరు చెప్తారమ్మా? స్టేషన్లో ఉండేది అతనే కదా," అన్నాడు. "ఈ ఒక్కదానికి సవరణ వేస్తే, ఇన్నేళ్ళుగా వేసినవాటికి ఏం వెయ్యమంటావ్?"

ఆ మాట నన్ను వెంటాడింది. మర్నాడు రెండు గంటలు ముందొచ్చి, పాత పేపర్లు బైండు చేసి పెట్టిన గదిలో కూర్చున్నాను. రెండేళ్ళ సిటీ పేజీలు తిప్పాను. అన్నీ నా చేతి మీదుగా పోయినవే. చెప్పిన మాట వినలేదని. ఫోన్ ఎక్కువసేపు మాట్లాడిందని. నవ్విందని. మగపిల్లాడిని కనలేదని. ఉద్యోగం మాననందని. ఒక్కొక్క దాని మీదా ప్రాస కుదిరిన నా హెడ్డింగు. ఒక్కదాంట్లోనైనా "ఆమె చెప్పినదాని ప్రకారం" అన్న మాట దొరుకుతుందేమోనని వెతికాను. లేదు. వాళ్ళలో పధ్నాలుగుమంది చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళ నోరు మాకెలాగూ దక్కదు కనక చంపినవాడినే అడిగి, వాడు చెప్పింది వాళ్ళ పక్కన అచ్చేశాం. దుమ్ముకి కళ్ళు మండుతున్నాయని బయటికొచ్చాను. దుమ్ముకి కాదు.

అయినా సరే, కోర్టుకెక్కి చెప్పాలన్న ధైర్యం అప్పటికీ రాలేదు. ఉద్యోగం పోతుంది, అమ్మ మొహం చూడదు, పైగా నా సొంత అన్న. ఎక్కడో ఒక మూల, ఫ్యాను కథ నిజం కాకపోతే బాగుండునన్న ఆశ కూడా ఉంది. ఉన్న మాట దాచుకుని లాభమేముంది.

వాయిదాకి నాలుగు రోజుల ముందు, నాకు సెలవు రోజు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అన్న షాపు మూసి వచ్చి హాల్లో వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. అమ్మ గోడ వారన నడుం వాల్చింది. పాప లోపలి గదిలో బొమ్మలకి రంగులేసుకుంటోంది. వీపు మీద చెమట కారిపోతోంది. ఏ ఆలోచనా లేకుండా లేచి, ఫ్యాను మూడు మీద నుంచి నాలుగు మీదికి తిప్పాను.

పేపరు రెపరెపలాడింది. లోపలి నుంచి చిన్న పాదాల చప్పుడు వినిపించింది. పాప పరిగెత్తుకొచ్చి, వాళ్ళ నాన్న ఒళ్ళో ఉన్న పేపరు మీద రెండు అరచేతులూ పెట్టి గట్టిగా అదిమిపట్టింది. ఒక చేతి వేళ్ళ మధ్య ఎర్ర పెన్సిలు ఇంకా అలాగే ఉంది. వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"అత్తా, తగ్గించెయ్," అంది నెమ్మదిగా.

అన్న నవ్వాడు. ఏమ్మా బంగారం, నీకు చలేస్తోందా అన్నాడు. ఆ నవ్వు పాప కోసం కాదు, నా కోసం. నేను ఫ్యాను మూడు మీదికి తిప్పాను. రెక్కలు నెమ్మదించేదాకా పాప చేతులు తియ్యలేదు. తీశాక, వచ్చిన దారినే వెళ్ళి మళ్ళీ రంగులేసుకోవడం మొదలెట్టింది.

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. కానీ నిద్రపోవడం లేదు, నాకు తెలుసు.

చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్ళి లాయరమ్మకి ఫోన్ చేశాను. రాసింది నేనేనని చెప్పాను.  వచ్చి ఆ మాట కోర్టులో చెప్తారా అని అడిగింది. చెప్తానన్నాను. మీ వదినకి ఈ సంగతి తెలుసా అంది. తెలియదన్నాను. ముందే చెప్పడం మీకూ మంచిదేమో అంది. నాకు నోరు రాలేదు. కోర్టులో ఎలాగూ వింటుందిగా అన్నాను. పిరికిదాన్ని, ఇంకెలా అంటాను.

ఇంట్లో మాత్రం ఆ సాయంత్రమే చెప్పేశాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంటి గుట్టు లంకకి చేటంటారు, తోడబుట్టినవాణ్ణి బజారుకీడుస్తావా, నిన్ను కన్నందుకు నాకీ శాస్తి కావల్సిందే అంది. అన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, వెలుతురుకి పట్టి చూశాడు, పెట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"రాసింది నువ్వు. నేను చెప్పిందే రాశావు," అన్నాడు. "అది తప్పని నువ్వే అంటే, ఇంకెవరైనా నీకు ఉద్యోగమిస్తారా? ఆలోచించుకో, ఎడిటరమ్మా."

వాడి చెయ్యి కుర్చీ వీపు మీదుంది. ఆ చెయ్యి వైపే చూస్తూ ఒక్కడుగు వెనక్కి వేశాను. మా అన్నని చూసి నేను భయపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. వదినకిది ఎన్నోసారో అనుకున్నాను. ఏడేళ్ళు పక్క గదిలో ఉండి ఆ సంగతి కనిపెట్టలేదంటే నాకు కళ్ళు లేవనా, ఉన్నా మూసుకున్నాననా?

కోర్టంటే ఏదో అనుకుంటాం గానీ, అదొక ఇరుకు గది. రెండు బల్లలు, వరస కుర్చీలు, గోడ మీద మూడు నిమిషాలు వెనకబడ్డ గడియారం. పాపని బయట వరండాలో ఒక ఆడ గుమాస్తా పక్కన కూర్చోబెట్టారు. లోపల వదిన ఎడమ వైపు కూర్చుంది, కుడి చెవి గదిలోకి ఉండేలా కాస్త పక్కకి తిరిగి. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. తర్వాత తలూపింది. ఆవిడ తరఫున మంచి మాట చెప్పడానికి వచ్చాననుకుంది పాపం.

ముందు అన్న తరఫు లాయరు మాట్లాడాడు. మా పేపరు ముక్క చదివి వినిపించాడు. నేను పెట్టిన హెడ్డింగు కూడా చదివాడు. ఆ గదిలో, ఆ గొంతులో, నా ప్రాస ఎంత నీచంగా వినబడిందో.

లాయరమ్మ నన్ను పిలిచింది. ఈ వార్త రాసిందెవరని అడిగింది. నేనేనన్నాను. వదిన కుర్చీ వైపు చూడలేదు, చూడలేకపోయాను. ఈ కారణం మీకెవరు చెప్పారంది. నా అన్న, స్టేషన్ నుంచి ఫోన్లో చెప్పాడన్నాను. నిజమో కాదో ఎవరినైనా అడిగారా అంది. లేదన్నాను. అన్న లాయరు లేచి, ఆడపడుచు వదిన వైపు సాక్ష్యం చెప్పడం ఇప్పుడే చూస్తున్నామని ఏదో చమత్కరించబోయాడు. జడ్జి గారు చేత్తోనే అతన్ని కూర్చోబెట్టారు. ఆవిడ కాస్త వయసున్న మనిషి, అప్పటిదాకా తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నారు.

"ఆమెనెందుకు అడగలేదు? స్పృహలో లేదా?"

"ఉందండీ."

"మరి?"

"అడిగే అలవాటు లేదండీ. తొమ్మిదేళ్ళలో ఎవరినీ అడగలేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. వదిన నంబరు నా ఫోన్లో ఉంది."

జడ్జి గారు కలం ఆపారు.  అప్పుడు వదిన వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. కట్టు విప్పిన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తోంది.

ఆ తర్వాత ఇంటి సంగతి కూడా అడిగారు. ఫ్యాను, పేపరు, పాప రెండు చేతులూ, చూసింది చూసినట్టు చెప్పాను. జడ్జి గారు పాపని పక్క గదిలోకి పిలిపించుకుని పది నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారో మాకు తెలియదు. బయటికొచ్చి, కేసు తేలేదాకా పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని, తండ్రి వారానికొకసారి కోర్టు వాళ్ళు చూపించిన చోట, వాళ్ళ ఎదుటే చూసుకోవచ్చని చెప్పారు. అన్న ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పెద్దాయన నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, ఆ వారమే సిటీ పేజీ నుంచి లేపి వాతావరణం, రైళ్ళ వేళలు వేసే మూలకి మార్చాడు. వానలు మొదలయ్యేలోపు నేను వేరే గది చూసుకున్నాను. అవన్నీ తర్వాతి మాటలు.

ఆ రోజు వరండాలో పాప వాళ్ళమ్మని చూసింది. పరిగెత్తలేదు. నడిచి వెళ్ళి, ఆ దెబ్బ తగిలిన చేతిని రెండు చేతులతో మెల్లగా పట్టుకుని, కట్టు కట్టారని అత్త చెప్పిందే, ఏదీ అని అడిగింది. తగ్గిపోయిందమ్మా అంది వదిన. అప్పటిదాకా ఒక్క చుక్క రాల్చని మనిషి, అక్కడే మెట్ల మీద కూలబడి పిల్లని పొదువుకుని వలవలా ఏడ్చింది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళాలా వద్దా తెలియలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. నా దగ్గరికొచ్చింది. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. చెంప ఛెళ్ళుమనిపించినా బాగుండేదని అనుకోబోయి, ఆ మాట నా మనసులోనే మధ్యలో ఆపేశాను.

"పాప బట్టలూ పుస్తకాలూ ఇంట్లోనే ఉన్నాయి," అంది.

"రేపు పొద్దున్నే తెస్తాను వదినా."

"నువ్వు తేవద్దు. ఎవరిచేతనైనా పంపించు."

కోపంగా అనలేదు. కౌంటర్ దగ్గర కొత్త మనిషికి పద్ధతి చెప్పినట్టు అంది. సరేనన్నాను. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని బస్‌స్టాప్ వైపు నడిచారు. వాళ్ళ వెనకాలే, పదడుగుల ఎడంగా, నేనూ నడిచాను. నేనూ ఆ బస్సే ఎక్కాలి మరి. పాప రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి తిరగబోతుంటే వదిన వంగి దాని చెవిలో ఏదో చెప్పింది. ఇక తిరగలేదు. బస్సొచ్చింది, వాళ్ళెక్కారు. నేను ఆగి తర్వాతి బస్సుకి వెళ్ళాను.